మోపిదేవికి పది లీటర్లు

చలపతిరావుగారి ఫియట్ గేరు కరకరమనిపించుకుంటూ తాతారావు షెడ్డులోకి రావడం అదే మొదటిసారి. బంటుమిల్లి రోడ్డు మీంచి లోపలికి తిరగడానికి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కప్పలా ఎగిరి వచ్చి నిలబడింది. ప్లగ్గు తుడుస్తున్న తాతారావు తలెత్తి చూశాడు. స్టీరింగు ముందున్నది డ్రైవరు దుర్గారావు కాదు, రైసుమిల్లు గుమాస్తా సత్తిబాబు.

"అది గేరనుకున్నావా, రోకలిబండ అనుకున్నావా? దుర్గారావేడీ?" అని కేకేశాడు తాతారావు.

"ఇంకెక్కడి దుర్గారావండీ! నిన్న సాయంత్రం తీసేశారు." సత్తిబాబు చెమట తుడుచుకుంటూ దిగి, జేబులోంచి చిన్న అట్టపెట్టె తీసి అందించాడు. "పెట్రోలు ట్యాంకుకి ఈ తాళం మూత బిగించమన్నారు అయ్యగారు. తాళంచెవులు రెండూ నా చేతికే ఇమ్మన్నారు."

తాతారావు పెట్టె విప్పలేదు. "తాళం ఎందుకూ?"

"పెట్రోలు కొట్టేస్తున్నాడంటండీ దుర్గారావు."

ఆ మాట తాతారావు బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ బండి నడుపుతున్న మనిషి దుర్గారావు. బండి తుడిచిన పాతగుడ్డని కూడా అడిగి గాని ఇంటికి తీసుకెళ్ళడు. వాడు పెట్రోలు కొట్టేయడమేమిటి!

సత్తిబాబు బల్ల మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. చలపతిరావుగారికి తిరగడానికి పెద్ద కారు వేరే ఉంది. ఈ ఫియట్ ఆయన కొన్న మొట్టమొదటి కారు, కలిసొచ్చిన కారు. అందుకని మంగళవారం మంగళవారం మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి మాత్రం ఇందులోనే వెళ్తారు. వెళ్ళేముందు ట్యాంకు నిండా కొట్టిస్తారు, వచ్చాక మళ్ళీ నిండా కొట్టిస్తారు. పది లీటర్లు పడుతుంది. ఏళ్ళ తరబడి అదే పది. మిల్లులో బస్తాలు మోసే హమాలీలక్కూడా నోటికొచ్చిన సంగతి అది. అలాంటిది వరసగా మూడు మంగళవారాలు పదహారు పట్టింది.

"తను గుళ్ళో అభిషేకానికి కూర్చున్న గంటలో తీసి అమ్మేస్తున్నాడని ఆయన అనుమానం. నిన్న రాగానే మిల్లు వాకిట్లో అందరిముందూ నిలబెట్టారు. సంచీ వెతికించారు, ఏం దొరకలేదు. అప్పుడు హమాలీల మేస్త్రీ జ్ఞానయ్యని పిలిచి, దుర్గారావు చేతులు వాసన చూడమన్నారండి."

"ఏం చూడమన్నారు?"

"చేతులండీ. జ్ఞానయ్య ముందు నావల్ల కాదన్నాడు. అయ్యగారు కసిరేసరికి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వస్తోందండి పెట్రోలు వాసన, అన్నాడు. వచ్చిందిలెండి నిజంగానే, పక్కనున్న నాక్కూడా తగిలింది. దాంతో ఇంకేముంది, తాళాలు లాక్కుని పంపేశారు."

తాతారావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషిని పట్టుకుని చేతులు వాసన చూపిస్తారా? కుక్కలకి చూపించినట్టు తోటి మనిషికి చూపిస్తారా? "మూతా లేదు, తాళమూ లేదు. బండి ఇక్కడ వదిలేసి వెళ్ళు. రేపు పొద్దున్నే నేనే వచ్చి మాట్లాడతానని చెప్పు," అన్నాడు. సత్తిబాబు బతుకుజీవుడా అని నడిచి వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా చూసి, తాతారావు బానెట్ ఎత్తాడు.

పైకి చూస్తే అంతా మామూలే. ఎప్పటి గుండ్రటి ఎయిర్ ఫిల్టరు డబ్బా, దానిమీద పోయిన దసరాకి చలపతిరావుగారు పెట్టిన కుంకంబొట్టు. తాతారావు రెక్కల నట్టు తిప్పి డబ్బా పైకి తీశాడు. దాని కింద ఫియట్‌తో పుట్టిన కార్బొరేటర్ లేదు. ఎస్టీమ్ కారుది, రెండు నోళ్ళున్నది ఉంది. దాన్ని అక్కడ బిగించింది తాతారావే.

పోయిన నెల చలపతిరావుగారి అల్లుడు సాయికిరణ్ హైదరాబాదు నుంచి వచ్చాడు. మంగినపూడి బీచిలో పాతకార్ల ప్రదర్శన ఉందని, మావయ్యగారి ఫియట్ పెడుతున్నానని, నలుగురి ముందూ అది దగ్గుతూ కదిలితే పరువు పోతుందని అన్నాడు. "ఇంజన్‌కి కాస్త ఊపు తెప్పించండి తాతారావుగారూ. మావయ్యగారికి మాత్రం తెలియకూడదు. ఆ బండి మీద చెయ్యి వేస్తే ఒప్పుకోరు," అన్నాడు. గుడివాడలో అల్లుడుగారు నోరు తెరిచి అడిగితే కాదనే మొగాడెవరు? పైగా అలాంటి పని చెప్పినవాళ్ళు తాతారావుకి ఈ మధ్య ఎవరున్నారు? ఇప్పటి బళ్ళకి కార్బొరేటరే లేదు. కంప్యూటరు తగిలించి చూసుకునేవాళ్ళు ఎదురు షెడ్డులో ఉన్నారు.

రెండు రోజులు కూర్చుని అల్యూమినియం పలక ఆకురాయితో అరగదీసి, పాత ఇంజన్ నోటికి కొత్త కార్బొరేటర్ అతికేలా మధ్య బిళ్ళ చేశాడు. పెట్రోలు వచ్చే జెట్ల కన్నాలు పెద్దవి చేశాడు. గుండ్రటి డబ్బాని ఎవరూ అడక్కపోయినా మళ్ళీ పైన అమర్చింది కూడా అతనే. లోపల ఏముందో పుట్టించిన బ్రహ్మకి కూడా తెలియకూడదని ముచ్చట పడ్డాడు. "పెట్రోలు బాగా తాగుద్దండీ" అని చెప్పాడు. "తాగనివ్వండి, నాలుగు రోజులేగా! మళ్ళీ పాతది పెట్టించేస్తాను," అన్నాడు సాయికిరణ్. ప్రదర్శన అయింది, ఫోటోలు దిగారు, అల్లుడుగారు హైదరాబాదు వెళ్ళిపోయి ఆ సంగతే మర్చిపోయారు.

తాతారావు అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. సాయికిరణ్ నాలుగోసారికి ఎత్తాడు.

"అయ్యో, అలా అయిందా? ఇంత చిన్న విషయానికా!" అన్నాడు అంతా విని.

"మీరొక్క మాట మావయ్యగారితో చెబితే అయిపోద్దండీ."

"అది బాగోదండీ. తెలీకుండా చేయించానని మా ఆవిడ అనూష కూడా గొడవ చేస్తుంది. మీరే మెల్లగా పాతది పెట్టేయండి. డ్రైవరుకి ఇంకో పని దొరక్కపోదు, కావాలంటే నేనేమన్నా పంపిస్తాను."

"ఆయనకి పోయింది పని కాదండీ," అంటూండగానే ఇంకేదో ఫోన్ వస్తోందని పెట్టేశాడు.

తాతారావు ఫోన్‌ని బల్లమీద విసిరికొట్టాడు. చేయించింది నువ్వు, తాగింది బండి, దొంగ మాత్రం దుర్గారావు! ఈ పెద్దవాళ్ళ సంగతి రేపు తేల్చి పారేస్తాననుకున్నాడు. పదిరోజుల కిందట దుర్గారావు ఇదే షెడ్డుకి వచ్చి, "బావా, బండి పెట్రోలు ఎందుకో తెగ తాగుతోంది, ఒకసారి చూడు," అనడం గుర్తొచ్చింది. అప్పుడు తను, ఇచ్చిన మాట దాటలేక, "ఎక్కడన్నా కారుతుందేమో, పైపులు చూసుకో," అని పంపేశాడు. అది గుర్తొచ్చి కాస్త గుచ్చుకుంది గాని, రేపటి పోట్లాట ముందు అదంత పెద్దదిగా అనిపించలేదు.

గురువారం పొద్దున్న ఫియట్ నడుపుకుంటూ మిల్లుకి వెళ్ళాడు. చలపతిరావుగారు వరండాలో కుర్చీలో కూర్చుని, చేతిలో ధాన్యం గింజలు నలిపి చూసుకుంటున్నారు.

"ఏమోయ్ తాతారావు, మూత బిగించలేదంట?"

"ముందు సీసా కడదామండీ. పెట్రోలు బండి తాగిందో మనిషి కాజేశాడో తేలిపోద్ది. తర్వాత మీరు బిగించమంటే తాళం కాదు, గొలుసే వేస్తాను."

సీసా కట్టడం కార్బొరేటర్ మెకానిక్కులందరికీ తెలిసిన పరీక్షే. ట్యాంకు సంగతి పక్కన పెట్టి, కొలిచి పోసిన ఒక్క లీటరు మీద బండి ఎంత దూరం పోతుందో చూడటం. చలపతిరావుగారు కాసేపు ఆలోచించారు. తను గెలిచే పందెమే గదా అనుకున్నట్టు నవ్వి, చెప్పులు తొడుక్కున్నారు. "పద. నేనూ వస్తా."

బంకు పక్కన బండి ఆపి, ట్యాంకు నుంచి ఇంజన్ పంపుకి వచ్చే రబ్బరు పైపు ఊడదీశాడు తాతారావు. కార్బొరేటర్లో మిగిలిందంతా అయిపోయి ఇంజన్ ఆగేదాకా ఆడించాడు. చలపతిరావుగారి కళ్ళముందే సీసాలో సరిగ్గా లీటరు పట్టించి, గుడ్డచుట్టి బానెట్ లోపల తీగతో కట్టాడు. పంపు నుంచి ఇంకో పైపు తెచ్చి సీసాలోకి దించాడు. "మీటరు మీరే చూసుకోండి, నేను చూడను," అన్నాడు.

బందరు రోడ్డెక్కారు. తాతారావు దుర్గారావు నడిపినట్టే నడిపాడు, నలభై దాటనివ్వలేదు. చలపతిరావుగారు ముందుసీట్లో మీటరు మీద చూపు నిలిపి కూర్చున్నారు. లీటరుకి పన్నెండు ఇచ్చే బండి అది, గుడ్లవల్లేరు దాకా పోవాలి. అంగలూరు దాటింది. ఇంకాస్త దూరం వెళ్ళిందో లేదో ఇంజన్ ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, కాలవ పక్కన చల్లగా ఆగిపోయింది.

"ఎంతండీ?"

చలపతిరావుగారు మీటరు మీదికి మళ్ళీ వంగి చూశారు. "ఏడున్నర," అన్నారు.

ఇద్దరూ దిగారు. తాతారావు బానెట్ ఎత్తి ఖాళీ సీసా చూపించాడు. ఆయన దాన్ని వేలితో తట్టి చూశారు.

"అయితే ఇంజన్ పాడైందనమాట," అన్నారు.

ఔనండీ, పాతబడిపోయింది, అనేస్తే అక్కడితో అయిపోయేది. అల్లుడు బయటపడడు, తనూ బయటపడడు, దుర్గారావు మీద మచ్చా పోతుంది. తాతారావు ఔననబోయాడు కూడా.

"పాడైతే వాడు నాకు చెప్పాలి గదా! చెప్పలేదంటే వాడిదే తప్పు," అన్నారు చలపతిరావుగారు.

ఆ మాటకి తాతారావు తిక్కరేగింది. ఎటు తిప్పినా వాడిదే తప్పు! రెక్కల నట్టు గిర్రున తిప్పి, కుంకంబొట్టుతో సహా డబ్బా లేపి ఆయన ముందు నేలమీద పెట్టాడు. "ఇది మీ బండి కార్బొరేటర్ కాదండీ. పాడవడం కాదు, మార్చారు."

"మార్చారా? ఎవరు?"

"నేను. మీ అల్లుడుగారు మార్చమన్నారు, బీచిలో ఆ ప్రదర్శన కోసం. మీకు చెప్పొద్దన్నారు."

చలపతిరావుగారి మొహంలో రంగులు మారాయి. కాలవకేసి నాలుగడుగులు వేసి, అక్కడే నిలబడిపోయారు. తిరిగి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఈ మాట ఇక్కడితో ఆగిపోవాలి తాతారావూ. అల్లుడి పేరు మిల్లులో హమాలీల నోళ్ళలో పడితే బాగుంటుందా? నువ్వు పాతది బిగించెయ్. దుర్గారావుని వచ్చి చేరమను. నేనేమీ అననులే."

"మీరేమీ అనరా?" అన్నాడు తాతారావు. "అనాల్సింది ఆయన గదండీ! చెయ్యని దొంగతనాన్ని మీరు క్షమించడమేమిటండీ? అంతమంది ముందు చేతులు వాసన చూపించారే, అది ఎట్లా పోద్ది?"

"ఇప్పుడేం, నేను వాడి కాళ్ళు పట్టుకోవాలా? ముందు బండి తియ్యి," అన్నారాయన, వెనకసీట్లో ఎక్కి తలుపు వేసుకుంటూ.

ట్యాంకు పైపు మళ్ళీ తగిలించి, బండి తిప్పుకుని గుడివాడ వచ్చారు. తాతారావు లోపల కుతకుతలాడిపోతూనే ఉన్నాడు. అయినా గెలిచాననిపించింది. దుర్గారావు దొంగ కాదని దొరవారి నోటితోనే ఒప్పించాడు. షెడ్డుకి వచ్చి పాత కార్బొరేటర్ బిగించి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా, రైలుగేటు అవతల దుర్గారావు ఇంటికి సైకిలు తొక్కాడు.

మాధవి వాకిట్లో మిషను ముందు కూర్చుని చీరకి ఫాలు కుడుతోంది. అతన్ని చూడగానే మిషను ఆపేసింది. "రా అన్నయ్యా. ఆయనకి నువ్వన్నా చెప్పు. మొన్నట్నించీ సబ్బుతో, చింతపండుతో చేతులు రుద్దుకుంటూనే ఉన్నారు. అన్నం తినడానికి చెంచా అడుగుతున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన చెంచాతో తినడం నేను చూళ్ళేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

దుర్గారావు లోపల మంచం పట్టె మీద కూర్చున్నాడు. తాతారావు నిలబడే అంతా చెప్పాడు. సీసా కట్టడం, అంగలూరు దాటాక ఆగిపోవడం, దొర మొహం మాడిపోవడం, ఆయనకి తను ఎదురు తిరిగి అడగడం. చెప్తుంటే తన మాట తనకే బాగుంది. "వచ్చి చేరమన్నాడు బావా. చేరతావో, వాళ్ళ మొహాన కొడతావో నీ ఇష్టం. నువ్వు దొంగవి కాదని మాత్రం తేల్చేశాను."

దుర్గారావు ఒక్కటే అడిగాడు. "కార్బొరేటర్ ఎప్పుడు మార్చావు?"

"పోయిన నెల్లో."

"అంటే నేను నీ షెడ్డుకొచ్చి అడిగినప్పుడు నీకు తెలుసు."

"మాటిచ్చాను బావా. అల్లుడుగారికి..."

"పైపులు చూసుకోమన్నావు." దుర్గారావు గొంతు పెంచలేదు. "మంగళవారం వాళ్ళు గుళ్ళోకి వెళ్ళగానే, మోపిదేవిలో, ఆ ఎండలో బండికింద దూరాను. నువ్వు చెప్పావు గదాని ఒక్కొక్క పైపూ చేత్తో తడుముకుంటూ వచ్చాను. ఎక్కడా కారట్లేదు. ఒక క్లిప్పు వదులుగా ఉందని ఊడదీసి బిగించాను. బిగించేటప్పుడు చేతులమీద ఒలికింది. కడుక్కున్నాను. పోలేదు."

మిషను దగ్గర్నించి లేచి వచ్చిన మాధవి గుమ్మం పట్టుకుని అక్కడే ఆగిపోయింది. 

"జ్ఞానయ్యకి వచ్చింది ఆ వాసనే," అన్నాడు దుర్గారావు.

 రెండు రోజులుగా తాతారావు వాళ్ళమీదా వీళ్ళమీదా మండిపడుతున్న కోపమంతా పోవడానికి ఇంకెక్కడా చోటు లేక తనమీదకే వచ్చి కూర్చుంది. ఆ చేతులకి పెట్రోలు పూసింది చలపతిరావు కాదు, సాయికిరణ్ కాదు.

"చలపతిరావుగారికి తెలీదు, అనుమానించాడు," అన్నాడు దుర్గారావు. "నీకు తెలుసు. తెలిసి, నన్ను బండికింద దూరమన్నావు."

"తప్పయిపోయింది బావా."

"నాకు చెబితే ఏం లాభం? నేను తియ్యలేదని నాకు తెలుసు. ఎక్కడ నా చేతులు వాసన చూశారో అక్కడికెళ్ళి చెప్పు. అందరూ ఉన్నప్పుడు చెప్పు. చెప్పాక ఇటు రావద్దులే. ఇంక పని కోసం గూడా నేను అటు రాను."

మాధవి పక్కకి తప్పుకుని దారిచ్చింది. అన్నయ్యా అని పిలవలేదు.

శుక్రవారం పది గంటలకి మిల్లులో టీలు తాగే వేళ. లారీకి బస్తాలెత్తుతున్న హమాలీలు ఇరవైమంది దాకా కాటా పక్కన నీడలో కూర్చున్నారు. తాతారావు ఫియట్ తెచ్చి వాకిలి మధ్యలో ఆపి, తాళాలు సత్తిబాబు చేతికిచ్చాడు. ఇంకో చేతిలో ఎస్టీమ్ కార్బొరేటర్ ఉంది. రాత్రంతా మాటలు వరస కట్టుకున్నాడు గాని ఇక్కడికి వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"ఇటు చూడండి," అన్నాడు. గొంతు సరిపోలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు, "అందరూ ఇటు చూడండి! పెట్రోలు దుర్గారావు తియ్యలేదు. దీన్ని ఆ బండిలో పెట్టింది నేను. దొరగారికి తెలియకుండా పెట్టాను. ఇదే పదహారు లీటర్లు తాగింది. నిన్న సీసా కట్టి చూశాం, అయ్యగారి ముందే."

"తాతారావూ!" వరండాలోంచి చలపతిరావుగారు లేచి నిలబడ్డారు. "నేనేం చెప్పాను నీకు?"

"ఇంకా ఉందండీ. దుర్గారావు బండి ఎక్కువ తాగుతోందని నన్ను అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. ఎక్కడో కారుతుందేమో పైపులు చూసుకోమన్నాను. చూసుకుంటే చేతులమీద ఒలికింది. ఆ వేళ మీరందరూ చూసింది ఆ వాసన."

 హమాలీల్లో ఒక నడివయసు మనిషి, "ఎవరు పెట్టమంటే పెట్టారండీ?" అని అడిగాడు. వరండాలో చలపతిరావుగారు కదలకుండా ఉండిపోయారు.

అల్లుడి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే సగం బరువు దిగిపోతుంది, రేపు ఊళ్ళో సాయికిరణ్ కథే తిరుగుతుంది గాని తనది కాదు. "ఎవరు పెట్టమన్నా పెట్టింది నేనే. అబద్ధం చెప్పమని మాత్రం నాకెవరూ చెప్పలేదు," అన్నాడు తాతారావు.

"ఇంక నా గేటులోపల అడుగు పెట్టకు. ఒకరి బండిలో వాళ్ళకి తెలియకుండా సామాను మార్చేవాడివి, నీ దగ్గరికి ఊళ్ళో ఎవడు బండి పంపుతాడో నేనూ చూస్తాను," అని చలపతిరావుగారు లోపలికి వెళ్ళిపోయారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే తాతారావుకి అన్నిటికంటే ఎక్కువ మండింది.

జ్ఞానయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, తలపాగా విప్పి తుడుచుకుని, దాన్ని భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి మేస్త్రీ? లారీ ఆగి ఉంది," అన్నాడు సత్తిబాబు.

"ఆగనీ. వాసన వచ్చిందని చెప్పింది నేను గదా బాబూ. ఆ ఇంటికెళ్ళి, రాలేదని చెప్పొస్తాను." గేటుదాకా వెళ్ళినవాడు, అక్కడే నిలబడి ఉన్న తాతారావుని చూసి ఆగాడు. "మీరు రారా అండీ?"

తాతారావు చేతిలోని కార్బొరేటర్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నన్ను రావద్దన్నాడు," అన్నాడు.